సగమక్క ఆపేసిన కథ

“మూడో ఫారం బాబాయ్. నా చదువంతా మూడో ఫారమే. ముందేముందో అడక్కు, వెనకేముందో అడక్కు. ముప్పై మూడో పేజీ నుంచి నలభై ఎనిమిదో పేజీ దాకా అడుగు, ఏ పుస్తకమైనా అప్పజెప్పేస్తా.”

అలా అని సగమక్క నవ్వింది గానీ ఆ నవ్వు పెదవి దాటలేదు. చేతిలోని చెక్కబద్దతో కాగితం మడత మీద ఒక్క రుద్దు రుద్ది, పక్కన పెట్టి, ఇంకో కాగితం అందుకుంది. కరెంటు పోయింది. కటింగ్ మిషను ఆగిపోవడంతో బైండింగ్ షెడ్డులో మనిషి మాట మనిషికి వినబడుతోంది. యజమాని ఎక్కడికో వెళ్ళాడు. ఆయన కోసం స్టూలు మీద కాచుకు కూర్చున్నది దారం బాబాయ్. ఊరూరా తిరిగి బైండింగ్ షెడ్లకి కుట్టు దారం, అట్టలకి వేసే గుడ్డ, జిగురు అమ్ముకునే మనిషి. ఏ బడిలోనూ నిలవక, పొట్లాల కాగితాలు చదివి చదువుకున్నవాడు. ఎవరైనా చెప్పడం మొదలుపెడితే అడ్డు రాడు, తొందరపెట్టడు. అందుకే ఆయన మూట విప్పేలోగా ఎదుటివాళ్ళు తమ మూట విప్పేస్తుంటారు.

ఇందాక ఆయన అడిగింది ఒక్కటే. ఆ గోడ వారగా ఉన్న పుస్తకాల కట్ట దుమ్ము కొట్టుకుపోయిందే, సాయంత్రాలు పిల్లల దగ్గరికి వెళ్ళడం మానేశావా తల్లీ అని. దానికి జవాబు చెప్పకుండా సగమక్క మూడో ఫారం దగ్గర మొదలుపెట్టింది. చెప్పాల్సింది చేదుగా ఉన్నప్పుడు మనిషి దూరం నుంచి చుట్టుకుని వస్తాడు. ఆ సంగతి బాబాయ్‌కి తెలుసు కాబట్టి మళ్ళీ అడగలేదు.

ఫారం అంటే వాళ్ళ పనిలో పదహారు పేజీలు. పెద్ద కాగితానికి ఇటు ఎనిమిది, అటు ఎనిమిది పేజీలు అచ్చయి వస్తాయి. మూడు మడతలు వేస్తే ఫారం. ఫారాలన్నీ వరసగా పేర్చి కుడితే పుస్తకం. పనిలో చేరిన రోజున ఏ ఫారం గుట్ట ముందు కూర్చోబెడితే, ఏ పుస్తకం వచ్చినా ఆ గుట్టే ఆ మనిషిది. సగమక్క బడి మానేసి వచ్చేసరికి మొదటి రెండు ఫారాలూ వాళ్ళమ్మవి. కూతుర్ని పక్కనే కూర్చోబెట్టుకోవాలని ఆవిడ బతిమాలితే షెడ్డు మేస్త్రి మూడో గుట్ట ఇచ్చాడు. ఆఖరి ఫారం మడిచేది ఒక ముసలమ్మ. ఆవిడకి పేజీ అంకె చూసి కాగితానికి తల ఎటో కాళ్ళెటో పోల్చుకోవడం తప్ప ఒక్క అక్షరం రాదు.

“చూశావా బాబాయ్ దేవుడి పంపకం. లోకంలో ఉన్న ముగింపులన్నీ తీసుకెళ్ళి చదువురాని ముసలమ్మ ఒళ్ళో పోశాడు.”

లేచి వెళ్ళి చూసి రావచ్చుగా అంటారు వినేవాళ్ళు. గుట్ట ముందు నుంచి మనిషి లేస్తే మేస్త్రి గొంతు లేచేది. కుట్టి అట్ట వేశాక పుస్తకం తెరిచారంటే వేలిముద్ర పడిందని తిట్లు. కాబట్టి పగలంతా తల్లి మొదళ్ళు చదివేది, కూతురు నడుములు చదివేది. ఇంటికొచ్చి పడుకున్నాక తల్లి తన వంతు చెప్పేది, కూతురు అందుకుని తన వంతు చెప్పేది. నలభై ఎనిమిదో పేజీ చివర మాట సగంలో విరిగిపోయేది. అప్పుడు తల్లి, ఇక మన ఇష్టం, అనేది. ఆవిడ అల్లే ముగింపుల్లో ఎంత దూరం పోయినవాళ్ళైనా ఇంటికి చేరాల్సిందే. ఓడ మునిగినా, అడవి తగలబడినా, ఎవరో ఒకరు దీపం పట్టుకుని ఎదురొచ్చి ఇంటికి తీసుకెళ్ళాల్సిందే. నీ కథల్లో మనుషులకి ఇల్లు తప్ప వేరే దారే తెలీదా అని కూతురు ఎగతాళి చేసేది.

పోయినేడు ఆ తల్లి దగ్గుతో మంచాన పడి, మళ్ళీ లేవలేదు. అమ్మతో పాటు మొదళ్ళు కూడా పోయాయి, మిగిలింది నడుమే అని చెబుతూ సగమక్క కాగితాన్ని మడతకి ఎదురుగా మడిచేసింది. చూసుకుని, విప్పి, సరిచేసింది.

పిల్లల సంగతి తల్లి బతికున్నప్పుడే మొదలైంది. షెడ్డు వెనక సందులో పాత కాగితాల కొట్టు ఉంది. చింపిరి కాగితాలు, అట్టలు, డబ్బాలు ఏరుకొచ్చి అమ్ముకునేవాళ్ళూ, వాటిని రకాలుగా విడదీసే కూలీలూ ఆ సందులోనే ఉంటారు. వాళ్ళ పిల్లలు కాగితాల గుట్టల మీదే పెరుగుతారు. ఒక సాయంత్రం సిరా అలుక్కుపోయిన ఫారాలు కొట్లో పడెయ్యడానికి వెళ్తే, ఒక బుడ్డోడు బొమ్మ ఉన్న కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని తెగ చూస్తున్నాడు. సగమక్క దాన్ని తిప్పి పట్టి, పక్కన కూర్చుని చదివి వినిపించింది. ఫారం అయిపోయింది. తర్వాత, అన్నాడు వాడు. నాకూ తెలీదు, అంది. తెలీనిదానివి ఎందుకు మొదలుపెట్టావ్ అని వాడు దులిపేశాడు. ఆ తిట్టు తిన్న సంతోషంతోనే ఆమె మర్నాడు మళ్ళీ వెళ్ళింది. సగమక్క అనే పేరు వాడు పెట్టిందే.

తర్వాత ఇంకో ఇద్దరు కలిశారు. ఒకరు పిన్ని కూతురు. పంతులమ్మ పనికి చదువుతోంది కాబట్టి అందరికీ అప్పుడే టీచరమ్మ అయిపోయింది. ఇంకొకడు అచ్చాఫీసు నుంచి కాగితాలు మోసుకొచ్చే ట్రాలీ ఆటో కుర్రాడు. మనిషి ఎంత పొడుగంటే వాడి పేరు వాడే మరిచిపోయి పొడుగూ అంటేనే పలుకుతాడు. కాగితాల కొట్టాయన్ని వీళ్ళు ముగ్గురూ వెళ్ళి అడిగితే, తూకాలు ముగిశాక తూకం గది వాడుకోండి, ఒక్క కాగితం ముక్క తగ్గినా మిమ్మల్నే కాటా ఎక్కిస్తా, అన్నాడు. పాడైన ఫారాలని సగమక్క కుట్టి అట్టలు వేసేది. టీచరమ్మ సుద్దముక్కతో నేల మీద అక్షరాలు దిద్దించేది. పొడుగు వచ్చిన పిల్లల్ని కాపు కాసి, రాని పిల్లల్ని వెతికి ట్రాలీలో వేసుకొచ్చేవాడు.

వాళ్ళకి ఒక పద్ధతి ఏర్పడింది. కథ ఎప్పుడూ సగంలో ఆపాలి. మంచి పట్టులో ఉండగా సగమక్క లేచి చీర దులుపుకునేది. మిగతాది రేపు. పిల్లలు గోల పెట్టేవాళ్ళు, తిట్టేవాళ్ళు, మర్నాడు అందరికన్నా ముందే వచ్చి కూర్చునేవాళ్ళు. వచ్చినవాళ్ళని కథకి ముందు అక్షరాలకి కూర్చోబెట్టేది టీచరమ్మ. నీది బడి కాదక్కా, గాలం, సగం కథ ఎర, అని నవ్వేది. ఎర బాగానే పట్టింది. గది చాలక పిల్లలు గుమ్మంలో కూడా కూర్చునేవాళ్ళు.

కథ చెప్పేటప్పుడు ఊఁ కొట్టేవాళ్ళు కావాలి. ఊఁ లేని కథ గోడకి చెప్పినట్టే. అందరూ ఒకేసారి ఊఁ అంటే రైలింజను కూసినట్టు ఉంటుంది కనుక రోజుకొకరు అనుకున్నారు. ఆ వంతు వచ్చినవాళ్ళకి పెద్ద కాటా పళ్ళెం మీద కూర్చునే గౌరవం. కానీ ఒకడు కథలో పడి ఊఁ మరిచిపోతాడు, ఒకతి నిద్రపోతుంది, ఒకడు చిలిపికి అడ్డదిడ్డంగా అంటాడు. చివరికి ఆ వంతు ఒక పిల్లకే స్థిరపడిపోయింది.

బక్కపలచని పిల్ల. తల్లి లేదు. తండ్రి బస్తాలు మోసేవాడు. ఇళ్ళ కట్టుబడి పనుల్లో తిరిగే మేనత్త, తన పసివాణ్ణి చూసుకునేందుకని ఈ పిల్లని తన దగ్గర పెట్టుకుంది. చంటివాణ్ణి చంకనేసుకునే వచ్చేది. వాడు దాని బరువులో సగం ఉండేవాడు. పేరడిగితే చెప్పేది కాదు, ఊఁ అనేది. పిల్లలు దానికి ఊఁకొట్టు అని పేరు పెట్టేశారు. అది ఆ పళ్ళెం మీద కూర్చుని ఊఁ కొడితే కథ దానంతట అదే ముందుకి నడిచేది. భయం వేసే చోట ఊపిరి లోపలికి పీలుస్తూ ఒక ఊఁ. చెప్పేది నమ్మలేకపోతే సాగదీసి ఒక ఊఁ. ఎవరో దుర్మార్గుడికి తగిన శాస్తి జరిగితే ముక్కుతో పొట్టిగా ఒకటి. చంటివాడు కూడా నేర్చుకుని మధ్యమధ్యలో ఊఁ అనేవాడు.

చదువు దగ్గర మాత్రం ఆ ఊఁతో చిక్కొచ్చింది. అర్థమైందా అంటే ఊఁ. అర్థం కాలేదా అన్నా ఊఁ. ఈ పిల్లకి ఒక్క అక్షరంతో బతుకు గడిచిపోతోంది, మిగతావి నేర్పడం దండగ, అని టీచరమ్మ తల పట్టుకుంది. ఒకరోజు సగమక్కే ఒక ఫారంలో ఊ అక్షరం చూపించి, ఇదిగో నువ్వు అనేది ఇదే, అంది. ఆ పిల్ల దాన్ని చాలాసేపు చూసింది.

“ఇది నాదా?” అంది.

అంతే. ఆ రోజు నుంచి కాగితాల గుట్టల్లో తన అక్షరాన్ని వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఊరు దొరికింది, ఊయల దొరికింది, ఊపిరి దొరికింది. ఊరు పట్టుకుంటే రు వచ్చింది, ఊయల పట్టుకుంటే య, ల వచ్చాయి. ఉప్పుని ఊప్పు అని చదివి, ఎవరు దిద్దినా ఒప్పుకునేది కాదు, నా అక్షరానికి తోక తెగింది అనేది. దాని ఒక చెయ్యి ఎప్పుడూ పిల్లాడి కిందే. రెండో చేత్తో కాగితం పట్టుకోవాలి. అందుకని చంటివాడి చూపుడువేలు అక్షరాల మీద ఆనించి, మోచేత్తో వాణ్ణి జరుపుతూ చదివేది. వానలు తగ్గుముఖం పట్టే వేళకి గోడల మీద అంటించిన కాగితాలు కూడా కూడబలుక్కుని చదవగలిగేది.

ఇక్కడ సగమక్క చేతిలో పని ఆగింది.

అప్పుడు నడుస్తున్న కథ ఏ పుస్తకంలోదీ కాదు. సగమక్క సొంతంగా అల్లినది. ఒక కొండ గుహలో మారుపలుకు ఉంటుంది. ఎవరు ఏమన్నా తిరిగి అంటుంది తప్ప తనంత తానుగా ఒక్క మాటా అనదు. ఒక చిన్న పిల్లకి అనుమానం వస్తుంది, ఎప్పుడూ నువ్వే ఎందుకు ముందు మాట్లాడవని అడుగుదామని దీపం పట్టుకుని గుహలోకి వెళ్తుంది. ముందుకి, ఇంకా ముందుకి వెళ్తుంది. దీపం ఆరిపోతుంది. భయపడి కేక వేస్తుంది. అంతకు ముందు ప్రతి మాటకీ బదులిచ్చిన మారుపలుకు ఈసారి పలకదు. మళ్ళీ కేక వేస్తుంది. ఏమీ లేదు.

అక్కడ ఆపింది. ఎర అంతకన్నా బాగా దొరకదు మరి. పిల్లలు నెత్తీనోరూ కొట్టుకున్నారు. అందరూ వెళ్ళిపోయాక ఊఁకొట్టు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చంటివాడు భుజం మీద నిద్రపోతున్నాడు.

“అక్కా, ఆ పిల్ల బయటికొస్తుందా రాదా? అదొక్కటి చెప్పు చాలు.”

“రేపు రా, చెప్తా.”

“ఊఁ,” అంది. పొట్టిగా, గాలి లేకుండా. అలాంటి ఊఁ అది ఎప్పుడూ అనలేదు. తెల్లవారితే వెళ్ళిపోవాలని దానికి అప్పటికే తెలుసని సగమక్కకి ఎలా తెలుస్తుంది. ఆ పిల్లకి లేదు, కాదు అనే మాటలే రావు.

మర్నాడు కాటా పళ్ళెం ఖాళీగా ఉంది. ఒళ్ళు బాగోలేదేమో అనుకున్నారు. తర్వాత పొడుగు వెళ్ళి చూసొచ్చి చెప్పాడు. కట్టుబడి పని అయిపోయిందట, అక్కడి మేస్త్రి మనుషులందర్నీ తెల్లవారుజామునే లారీ ఎక్కించాడట, మేనత్తా పసివాడూ ఈ పిల్లా అందులోనే పోయారట. గుడిసెలో మిగిలింది పొయ్యిరాళ్ళు. గోడ మీద బొగ్గుతో రాసిన ఊ ఒకటి. సగమక్క ఆ పిల్ల తండ్రిని వెతుక్కుంటూ అతను బస్తాలు మోసే చోటికి పోయింది. ఆయన మంచివాడే. భుజం మీద బస్తా దించకుండానే, ఎక్కడికని అడిగితే ఏం చెప్పను తల్లీ, మేస్త్రి ఎక్కడ దింపితే అదే ఊరు, అన్నాడు. కడుపు చూసుకోవాలి కదా అని కూడా అన్నాడు. ఆ మాట తనకి తానే చెప్పుకున్నట్టు ఉంది.

పిల్లల దగ్గరికి వచ్చి, సరే మనం కథ ముగించుకుందాం అంటే వాళ్ళు ఒప్పుకోలేదు. అది లేకుండా ఎలా చెప్తావ్ అన్నారు. అది వచ్చేదాకా గుహలో పిల్ల గుహలోనే ఉండాలన్నారు. కాటా మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు. మొదట్లో సగమక్కకి అది ముద్దుగా అనిపించింది. వేరే కథలు చెప్పింది. అయితే పిల్లల మనసు ఆ చీకట్లోనే ఉండిపోయింది. కొత్త కథ మంచి పట్టులో ఉండగా ఎవడో ఒకడు, ఆ పిల్ల ఇంకా అరుస్తోందా, అనేవాడు. వారాలు గడిచాయి. ఊఁ సరిగ్గా పడక చెప్పే మాట తడబడేది. పిల్లలు ఒక్కొక్కరే జారిపోయారు. గుమ్మంలో కూర్చునేవాళ్ళు లేరు, తర్వాత గోడ వారన కూర్చునేవాళ్ళు లేరు. చదువు అప్పుడప్పుడే ఒంటబడుతున్న పిల్లలు మళ్ళీ గోనెసంచులు భుజాన వేసుకున్నారు. మొట్టమొదట పేరు పెట్టిన బుడ్డోడు కూడా సందులో ఎదురుపడితే తల తిప్పుకుని పోవడం మొదలుపెట్టాడు.

పొడుగు మాత్రం ఊరుకోలేదు. కాగితం దించి వచ్చేటప్పుడల్లా కట్టుబడి జరిగే చోట ట్రాలీ ఆపి, లోపలికెళ్ళి, ఊఁ అనే పిల్ల ఉందా అని అడిగేవాడు. వాణ్ణి పిచ్చివాడనుకుని కాపలావాళ్ళు తరిమేవాళ్ళు. ఒకసారి చంకలో పిల్లాణ్ణి వేసుకున్న పిల్ల వెనకనుంచి కనబడితే పరుగెత్తాడు. అది వేరే పిల్ల.

చివరికి అక్కచెల్లెళ్ళిద్దరికీ మాటామాటా వచ్చింది. టీచరమ్మ నెమ్మదిగానే మొదలుపెట్టింది. పోయిన ఒక్కదాని కోసం ఉన్నవాళ్ళని పోగొట్టుకుంటున్నామక్కా అంది. కథ ముగించెయ్, వాళ్ళు నాలుగు రోజులు ఏడ్చి మరిచిపోతారు, మళ్ళీ అక్షరాల్లో పడతారు అంది. సగమక్కకి అందులో తప్పేమీ కనబడలేదు. అదే బాధ. ముగిస్తే ఆ పిల్ల ఇక రాదని ఒప్పుకున్నట్టు. ముగించకపోతే గదికి తాళం పడ్డట్టు.

“దాన్ని చీకట్లో వదిలేసి మనం ఇంటికెళ్ళిపోదామంటావా?” అంది.

“చీకట్లో ఉన్నది కథలో పిల్లక్కా. మన పిల్లలు వెలుతురులోనే పోతున్నారు, కళ్ళ ముందు,” అంది చెల్లెలు.

ఆ మాట సూదిలా దిగింది. మర్నాడే సగమక్క తూకం గదిలో కూర్చుంది. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది ఉన్నారు. పొడుగు ఎలా తీసుకొచ్చాడో ఆ బుడ్డోణ్ణి కూడా తీసుకొచ్చాడు. కాటా పళ్ళెం ఖాళీగానే ఉంది. మిగతాది రేపు చెబుతానని ఆనాడు మాటిచ్చినప్పుడు ముగింపు ఏమిటో ఆమెకి నిజంగానే తెలీదు. ఎప్పుడూ అంతే, రేపటి సంగతి రేపు ఊఁ కొట్టించుకుంటూ పుట్టేది. ఇప్పుడు ఊఁ లేదు. దీపం ఆరిపోయింది, కేక వేసింది, ఎవరూ పలకలేదు, అని చెప్పి ఆగింది. ఏమీ పుట్టలేదు. అప్పుడు నోటికి అమ్మ ముగింపు వచ్చింది. ఎవరో దీపం పట్టుకుని వచ్చారు, ఆ పిల్లని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళారు.

ఇంతేనా, అంది ముందు కూర్చున్న పిల్ల. ఎవరూ తిట్టలేదు, గోల పెట్టలేదు. తిడితే బాగుండేది. బుడ్డోడు మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకున్నాడు.

“అక్కా, ఆ పిల్ల అక్కడుందని ఆ దీపం వాడికి ఎవరు చెప్పారు?”

సగమక్క టీచరమ్మ వంక చూసింది. టీచరమ్మ సుద్దముక్క వంక చూసింది. పొడుగు గుమ్మం దాటి బయటికెళ్ళి ట్రాలీ చక్రాన్ని ఊరికే తన్నుతూ నిలబడ్డాడు. పిల్లలు లేచి వెళ్ళిపోయారు. మర్నాడు సగమక్క వెళ్ళలేదు. ఆ తర్వాతా వెళ్ళలేదు. టీచరమ్మ ఒక్కతే పోయి ఎవరొస్తే వాళ్ళకి దిద్దించి వస్తోంది. గోడ వారన దుమ్ము పట్టిన కట్ట, ఆ పిల్లల కోసం కుట్టి, ఇవ్వకుండా ఉండిపోయిన పుస్తకాలు.

బయట సందులో ఎవరిదో సంచి నేలకి రాసుకుంటూ పోతున్న చప్పుడు. సగమక్క చెవులు రిక్కించి విని, కాదని తెలిసి, మళ్ళీ తల దించుకుంది. దారం బాబాయ్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఒక్క మాట అడిగాడు. ఆ ముగింపులో ఏం తప్పుందమ్మా, మీ అమ్మ చెప్పిందేగా.

సగమక్క మడిచిన ఫారాల గుట్ట మీద చెయ్యి వేసింది. అమ్మకి మేమిద్దరం ఇంట్లో పడుకుని ఉండగా పుట్టిన ముగింపులు బాబాయ్ అవి, అంది. ఇంట్లో ఉన్నవాళ్ళకి అందరూ ఇంటికి చేరతారనే అనిపిస్తుంది. ఆ చీకట్లో ఉన్నదానికి ఏమనిపిస్తుందో దానికి తెలియాలి గానీ నాకేం తెలుసు. ఒక్కోసారి కుట్టేటప్పుడు వేరే పుస్తకం ఫారం వచ్చి కలిసిపోతుంది. సైజు సరిపోతుంది, అంకె సరిపోతుంది, కాగితం కూడా ఒకటే. పుస్తకం చూడ్డానికి బాగానే ఉంటుంది. చదివేవాడికే తెలుస్తుంది. అలాంటిది దొరికితే ఏం చేస్తాం? కుట్టు విప్పుతాం. సరైన ఫారం దొరికేదాకా పక్కన పెడతాం. పారెయ్యం.

అంటూనే లేచి, గోడ వారన ఉన్న కట్ట దగ్గరికి పోయి, పైటకొంగుతో ఒక్క విసురు విసిరింది. దుమ్ము లేచి ఇద్దరికీ దగ్గొచ్చింది. తాడు విప్పలేదు. కట్టనలాగే తీసుకొచ్చి తన గుట్ట పక్కన పెట్టుకుంది.

కరెంటు వచ్చింది. షెడ్డు చివర కటింగ్ మిషను గుర్రుమని లేచింది. వాకిట్లో యజమాని బండి చప్పుడు వినబడి బాబాయ్ మూట అందుకున్నాడు. ఆమె ఆయన చేతిమీద చెయ్యి వేసి ఆపింది. మిషను హోరులో వినబడాలని చెవి దగ్గరగా వంగింది.

“నువ్వు పది ఊళ్ళు తిరుగుతావు బాబాయ్. కట్టుబడి జరిగే చోట కాసేపు ఆగు. గోడ మీద కాగితం కనిపిస్తే నిలబడిపోయే పిల్ల ఉంటుంది. తన వేలితో చదవదు, చంకలో వాడి వేలితో చదువుతుంది. వాడికి ఈ పాటికి నడక వచ్చేసుంటే పక్కనే నిలబెట్టుకుని చదువుతుంది. పేరడక్కు, చెప్పదు. నేను చెప్పిన ముగింపు మాత్రం దానికి చెప్పొద్దు. దీపం ఆరిపోయింది, కేక వేస్తే ఎవరూ పలకలేదు, తర్వాతేమైంది అని దాన్నే అడుగు. అది ఏం చెప్తే అది, ఒక్క ముక్క పోకుండా పట్టుకొచ్చి నాకు చెప్పు. అది చెప్పినంతసేపూ ఊఁ కొట్టడం మర్చిపోకు.”